గ్రంథసూచిలో ఎవరున్నారు? : దళిత చరిత్ర రచన - ఆకరాల సమస్య

జీతగాళ్ల చరిత్ర మీద నేను రాసిన ఒక వ్యాసం రెండేళ్ల కిందట ఒక పరిశోధనా పత్రిక నుంచి తిరిగొచ్చింది. విషయం బాగుందన్నారు. ఆకరాలు మాత్రం పత్రిక పద్ధతి ప్రకారం సరిచేసి పంపమన్నారు. సరిచేయడమంటే ఏమిటో కూడా రాశారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రాకముందు దొరల దగ్గర జీతాలున్న నలుగురు ముసలివాళ్లతో మాట్లాడి నేను రాసుకున్న సాక్ష్యాలను చివరి పట్టికలోంచి తీసేయాలి. వ్యాసం మధ్యలో బ్రాకెట్ పెట్టి 'వ్యక్తిగత సంభాషణ' అంటే సరిపోతుంది. నేను వాడుకున్న జిల్లా గెజిటీర్ మాత్రం పట్టికలో ఉండొచ్చు. ఆ గెజిటీర్‌లో జీతగాళ్ల గురించి నాకు దొరికింది ఒక్క పేరా. వ్యాసమంతా నిలబడింది ఆ నలుగురి మాటల మీద.

గ్రంథసూచి తయారుచేయడం గుమాస్తా పని అని మన విద్యార్థుల్లో చాలామంది అనుకుంటారు. టైపు చేసేవాడు చూసుకుంటాడులే అంటారు. నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మనిషి లేనివాడికి 'ఇబిడ్' అంటే ఏమిటో ఎవరు చెప్తారు? అది 'పై గ్రంథమే' అని చెప్పే లాటిన్ మాట అని తెలియడానికి నాకు ఎం.ఫిల్. దాకా పట్టింది. కానీ ఏ పరిశోధకుడైనా కొత్త అంశం మొదలుపెడితే ముందు తిప్పేది పుస్తకం వెనక పేజీలే. అక్కడ లేనిది తర్వాతి తరానికి లేనట్టే.

ఈ పద్ధతులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్లో పెట్టే 'హార్వర్డ్ పద్ధతి'కి మూలం ఎడ్వర్డ్ మార్క్ అనే జంతుశాస్త్రవేత్త 1881లో గుల్లలేని నత్త మీద రాసిన పత్రం అంటారు. చికాగో యూనివర్సిటీ ప్రెస్ వాళ్ల నియమావళి 1906లో అచ్చయింది. సైకాలజీ వాళ్లు ఏపీఏ పద్ధతికి పునాది వేసింది 1929లో, ఏడు పేజీలతో. ఏ పద్ధతి అయినా అడిగేది నాలుగే ప్రశ్నలు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు అచ్చేశారు, ఎక్కడ. వీటిని కుట్రతో తయారుచేశారని నేననను. నత్తను పరిశీలించేవాడికి అవి చాలు. కానీ చదువునే నిషేధించిన సమాజంలో ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగే స్థితి అందరికీ ఒకేలా ఉందా?

అంబేద్కర్‌నే తీసుకుందాం. ఆయన 'కాస్ట్స్ ఇన్ ఇండియా' పత్రాన్ని 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. మరుసటి ఏడు 'ఇండియన్ ఆంటిక్వరీ'లో అది అచ్చయింది. 'కుల నిర్మూలన' 1936 నాటిది. లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ఉపన్యాసం చూసి బెదిరి, సభనే రద్దు చేసుకుంది. అంబేద్కర్ తన ఖర్చుతోనే అచ్చేశారు. 1500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయని 1937 రెండో కూర్పు ముందుమాటలో ఆయనే చెప్పారు. గుజరాతీ, తమిళ అనువాదాలు వచ్చాయని, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం తయారవుతున్నాయని కూడా అక్కడే రాశారు. (ఆ వరసలో తెలుగు లేదు. మన సంగతి మనకు తెలిసిందే.)

ఈ రెండూ 1979లో మహారాష్ట్ర ప్రభుత్వ విద్యాశాఖ వేసిన రచనల మొదటి సంపుటంలో చేరాయి. నేడు మన సిద్ధాంత వ్యాసాల్లో ఎక్కువగా కనిపించేది 'అంబేద్కర్ 1979ఎ', 'అంబేద్కర్ 1979బి'. పద్ధతి ప్రకారం అది తప్పు కాదు, విద్యార్థి చేతిలో ఉన్నది ఆ సంపుటమే. అయితే కులం మీద రాసిన వాక్యం చివర బ్రాకెట్లో వరస చూడండి: శ్రీనివాస్ 1952, డ్యూమా 1966, అంబేద్కర్ 1979. అందరికంటే ముందు మాట్లాడిన మనిషి అందరికంటే వెనక నిలబడ్డాడు. ఎం.ఎన్. శ్రీనివాస్ కూర్గుల మీద పుస్తకం వేయడానికి 36 ఏళ్ల ముందే చదివిన పత్రం, ఆ పుస్తకం తర్వాత 27 ఏళ్లకు వచ్చినట్టు కనిపిస్తుంది. చనిపోయిన 23 ఏళ్లకు రాసినట్టు! దీనికి మందు కూడా ఆ పద్ధతుల్లోనే ఉంది. 'అంబేద్కర్ [1916] 1979' అని మొదటి సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లో ముందు పెట్టొచ్చు. అయినా పెట్టం. ఇంకొకటి, ఆ సంపుటానికి సంపాదకుడు వసంత్ మూన్. నాగపూర్ దళితవాడలో పుట్టి ఆ పనికే జీవితం ధారపోసిన మనిషి. ఆయన పేరు మన పట్టికల్లో ఎన్నింట ఉంటుంది?

ఆకరాలంటే మనకు చిన్నచూపు ఉండకూడదని చెప్పడానికి కూడా అంబేద్కరే సాక్ష్యం. 1923 నాటి 'ప్రాబ్లం ఆఫ్ ద రుపీ' తీయండి, 1946 నాటి 'శూద్రులెవరు?' తీయండి, ఏ శ్లోకం ఎక్కడిదో, ఏ లెక్క ఎక్కడిదో చూపిస్తూ పోతారు. అంటరానివాడి మాటను ఎవరూ ఊరికే నమ్మరని ఆయనకు తెలుసుననే నేననుకుంటాను.

హైదరాబాదు సంగతికొస్తే, ఆది హిందూ ఉద్యమం మీద ఎవరు రాసినా ఆధారపడక తప్పని పుస్తకం పి.ఆర్. వెంకటస్వామి 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్'. 1955లో సికింద్రాబాదులో రెండు సంపుటాలుగా వచ్చింది. ఉద్యమంలో తిరిగిన మనిషి తాను చూసింది, విన్నది రాసిపెట్టుకున్న పుస్తకం. చాలాకాలం దాన్ని చూడాలంటే ఎవరో ఒకరి ఇంట్లో జిరాక్సు కోసం తిరగాల్సిందే. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చేసింది. ఈ మధ్యకాలంలో అది బతికింది ఎక్కడ? పరిశోధకుల పాదసూచికల్లో. ఒక్క పాదసూచిక పుస్తకాన్ని అరవై ఏళ్లు మోసుకురాగలదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు అదే పొరపాటు మళ్లీ జరగకూడదు. వెంకటస్వామి 2020 అని రాసేవాళ్లు 1955ను మింగేయొద్దు.

అదే ఉద్యమ నాయకుణ్ణి అకారాది పట్టికలో ఎక్కడ వెతుకుతారు? పుట్టినప్పుడు ఆయన మాదరి భాగయ్య. 'రెడ్డి' కుటుంబ గురువు ఇచ్చింది. 'వర్మ' 1913లో ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. 1917లో బెజవాడ పంచమ సభకు అధ్యక్షత వహించి 'మేం ఆది ఆంధ్రులం' అనిపించిన భాగ్యరెడ్డి వర్మ, ఇంగ్లీషు పట్టికలో 'వర్మ, బి.ఆర్.' అయి క్షత్రియుల పక్కన కూర్చుంటాడు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది, తిరగేయాల్సిన పనే లేదు. గుర్రం జాషువాను 'గుర్రం జాషువా' అనే రాయాలి. కత్తి పద్మారావును 'రావు, కె.పి.' చేస్తే దొరకడు. కొందరు ఇంటిపేరు కులం చెప్తుందని దాచుకుంటారు, అది వాళ్ల ఇష్టం. వాళ్లు పుస్తకం మీద ఏ పేరు వేసుకుంటే అదే మనం వేయాలి.

సంకలనాల్లో ఇంకో మోసం జరుగుతుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు'లో తాడి నాగమ్మ రచన చదివి, పట్టికలో సంపాదకురాలి పేరొక్కటే వేస్తే నాగమ్మ మళ్లీ మాయమైనట్టే. ఆ రచన నాగమ్మ పేరు కిందే రావాలి, సంకలనం పేరు ఆ తర్వాత. కరపత్రాలూ అంతే. దళిత మహాసభ వేసిన కరపత్రానికి 'అజ్ఞాత రచయిత' అని రాస్తారేమిటి? రచయిత దళిత మహాసభే. తేదీ లేకపోతే లోపలి సంగతిని బట్టి [1985?] అని ప్రశ్నార్థకంతో వేయొచ్చు, ఎవరి దగ్గర ప్రతి ఉందో చెప్పొచ్చు.

ఇక నోటిమాట. ఏపీఏ పద్ధతిలో వ్యక్తిగత సంభాషణ పట్టికకెక్కదు. చదివేవాడు వెళ్లి చూసుకోగల ప్రతి ఉండదు గదా అన్నది వాళ్ల కారణం. కారణం ఉంది, కాదనను. కానీ కెనడాలో లొరీసియా మెక్లౌడ్ అనే క్రీ జాతి లైబ్రేరియన్ ఆదివాసీ పెద్దల మాటలను పేరు, జాతి, ఊరు, చెప్పిన విషయం, తేదీలతో పట్టికలో చేర్చే నమూనా తయారుచేశారు. 2021 నాటికే అది ప్రచురణలోకి వచ్చింది. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదు? టేపునూ రాతప్రతినీ ఏదైనా లైబ్రరీలో పెడితే ఆ అభ్యంతరం కూడా తీరిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం కావాలి. కారంచేడు కేసులో సాక్షి అలీసమ్మ హత్యకు గురైన సంగతి మరవకూడదు. పేరు అచ్చులో ఉండటం ప్రతి ఒక్కరికీ గౌరవమే కాదు, ఊళ్లో బతకాల్సింది వాళ్లు.

ఆ వ్యాసం మళ్లీ పంపేముందు నలుగురి దగ్గరకూ వెళ్లాను. 'నా పేరు రాయి బిడ్డా, ఎవరేం చేస్తరు ఇప్పుడు' అన్నదొక అవ్వ. ముగ్గురి పేర్లు ఊరితో, తేదీతో, టేపు ఉన్న చోటుతో పట్టికలో పెట్టాను. సంపాదకులు ఒప్పుకోవడానికి మూడు ఉత్తరాలు నడిచాయి. నాలుగో ఆయన కొడుకు ఇప్పటికీ ఆ దొర కుటుంబం దగ్గరే ట్రాక్టరు నడుపుతున్నాడు. ఆయన పేరు నేనే తీసేశాను.