మహిమలును బ్రతిపక్షులును
సువార్తలయందలి పూర్వపక్షవిచారము

మునగాల సంస్థానమునకు నడిగూడెము రాజస్థానము. అచట రాజా నాయని వేంకటరంగారావుగారి కొలువున దివానుగా నుండిన కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు (1877–1923) ఆంధ్రదేశమున జరిత్రరచనకు శాసనాదిసాధనములే యాధారములు కావలెనను మతమును బ్రబలముగ నెలకొల్పినవారిలో ముఖ్యులు. పురాణకథను శాసనమను నొరగల్లుపై గీచి చూచుట నాటినుండి మన పండితులకు నలవాటైనది. ఈ యొరగల్లును మతగ్రంథములందలి మహిమలకథలకు బట్టినచో నొక చిక్కు తోచును. మహిమ జరిగినదా, లేదా యని నిర్ణయించుట చరిత్రకారుని వశమున లేదు. కాని, మహిమ నెదిర్చినవా రెవరు, ఏల యెదిర్చిరి, వారి మాట యిప్పు డెవరి నోట వినబడుచున్నది యనునవి యాతడు విచారింపదగిన ప్రశ్నలే.

తెలుగువారికి బరిచితమైన యుదాహరణమును ముందుగ గైకొనుట యుచితము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున నేకాంతరామయ్య కథ కలదు. ఈ రామయ్యనుగూర్చియే కర్ణాటకమందలి యబ్బలూరి సోమేశ్వరాలయమున రమారమి క్రీ. శ. 1200 నాటి శాసన మొకటి యున్నది. దానిని ఫ్లీటుదొర ఎపిగ్రాఫియా ఇండికా యైదవ సంపుటమున బ్రకటించెను. శాసనకథ యిట్టిది: రామయ్య తన శిరస్సును ఖండించుకొని శివానుగ్రహమున మరల బడయునెడల దాము జినుని విడిచి శివుని గొలుతుమని సంకగౌండుడు మొదలగు జైనులు తాటియాకుమీద బ్రతిజ్ఞాపత్రము వ్రాసియిచ్చిరి. రామయ్య తల ద్రుంచుకొనెను. ఏడుదినముల పిమ్మట నది యతికెను. జైనులు మాట దప్పగా నాతడు జినబింబమును భగ్నము చేసెను. వారు బిజ్జలునితో మొఱవెట్టుకొనిరి. రామయ్య పత్రమును జూపి, కోరినచో మరల నట్లే చేయుదుననెను. జైనులు దాని కొడంబడలేదు. రాజు రామయ్యకు జయపత్ర మొసగెను.

ఇందు జైనులు మహిమను గన్నులార గాంచియు బలుకు దప్పినవారుగ గనబడుదురు. అట్లు చెప్పినది శైవుల శాసనమేగాని జైనుల వాఙ్మూలము కాదు. ఆ శాసనమున బసవేశ్వరుని ప్రసక్తి లేదు; పురాణమున నీ కథయే బసవని చరిత్రలో నొక భాగమైనది. కథ చేతులు మారినకొలది దాని పొందికయు మారుచుండును.

మహాభాష్యము జదివినవారి కీ స్థితి క్రొత్తది కాదు. పూర్వపక్షమును సిద్ధాంతియే నిర్మించును. తనకు బరిహారము తెలిసిన యాక్షేపమునే ముందుగ నిలుపును. అయినను బూర్వపక్ష మంతయు గల్పితమని త్రోసివేయరాదు. నిజముగ నెవ్వరును జెప్పని మాటకు సమాధానము చెప్పవలసిన యక్కఱ యెవరికి గలుగును? కనుక బూర్వపక్షమునుండి ప్రతిపక్షి మతమును వేఱుచేసి గ్రహించుట యొక విద్య. ఆ విద్యకు సువార్తలు మంచి యుదాహరణములు.

1812లో శ్రీరామపురమున మూడు సువార్తలు తెలుగున నచ్చుపడినవి. ఇప్పటి తెలుగు బైబిలున మహిమలను దెలుపు మాటలు ముఖ్యముగ మూడు: అద్భుతములు, మహత్కార్యములు, సూచకక్రియలు. అపొస్తలుల కార్యముల రెండవ యధ్యాయమున నీ మూడు నొక్కచోటనే కలవు. ఇవి క్రమముగ గ్రీకుమూలమందలి దునామిస్, తెరాస్, సేమెయోన్ అను పదములకు దెనుగుసేతలు. మొదటిది శక్తిని, రెండవది విస్మయమును, మూడవది గుర్తును దెలుపును. యోహాను సువార్త ప్రధానముగ మూడవదానినే వాడును. సూచకము వేఱొకదానిని దెలుపునది; అది దేనిని దెలుపుచున్నదను వివాదము దానివెంటనే పుట్టును. మఱియు బ్రతిపక్షులకు మన బైబిలున 'శాస్త్రులు' అను పేరు గలదు. మూలపదమునకు లేఖకుడని యర్థము. ధర్మశాస్త్రమును వ్రాయుచు వ్యాఖ్యానించు వర్గము వారు. తెలుగుపాఠకుడు మన శాస్త్రులను దలచుకొని భ్రమపడరాదు.

మార్కు సువార్త మూడవ యధ్యాయమున యెరూషలేమునుండి వచ్చిన శాస్త్రులు, యేసు దయ్యములను వెడలగొట్టుట లేదనరు. దయ్యముల యధిపతి యగు బయెల్జెబూలు సాయమున వెడలగొట్టుచున్నాడందురు. ఆ యధ్యాయారంభమునందే యూచచేయి గలవానిని విశ్రాంతిదినమున బాగుచేయుట తప్పిదమైనది. యోహాను తొమ్మిదవ యధ్యాయమున బుట్టుగ్రుడ్డికి జూపు రాగా బరిసయ్యులలోనే భేదము పుట్టెను. విశ్రాంతిదినమును మీఱినవాడు దేవునివాడు కాడని కొందఱు, పాపి యిట్టి పని యెట్లు చేయగలడని కొందఱు వాదించిరి. వాడు నిజముగ గ్రుడ్డివాడేనా యను శంకయు నచ్చట బుట్టి తలిదండ్రుల సాక్ష్యముతో నణగెను. అపొస్తలుల కార్యముల నాలుగవ యధ్యాయమున గుంటివాడు నడచిన పిమ్మట సభవారు పేతురు యోహానులను, ఏ బలమున, ఏ నామమున నిది చేసితిరని యడిగిరి. జరిగినదానిని గాదనలేక, ఆ నామమున బోధింపరాదని యాజ్ఞాపించిరి. వీని నన్నిటిని గూర్చి చూడ, వివాదము ముఖ్యముగ గార్యమును గూర్చినది కాదు. కారణమును, అధికారమును గూర్చినది.

ఇది మొండితనమని వ్యాఖ్యాతలు పలుమాఱు వ్రాసిరి. కాని యాచార్యుల చేతిలో నొక శాస్త్రవచనముండెను. ద్వితీయోపదేశకాండము పదుమూడవ యధ్యాయము ప్రకారము, ఒక ప్రవక్త సూచన జూపి యది నెఱవేఱినను, అన్యదేవతలను గొలువుమని చెప్పినచో వానిని వినరాదు. అనగా సూచన నిజమైనంతమాత్రమున బోధ నిజమగుట లేదు. నైయాయికుల పరిభాషలో, దైవబలమువలనను దయ్యపుబలమువలనను గలుగదగిన కార్యము దైవబలమును సాధింపజాలదు. ఆ హేతువు అనైకాంతికము. ధర్మవిషయమున యోగిప్రత్యక్షము ప్రమాణము కాదని కుమారిలభట్టు వాదించినది యిట్టి దృష్టితోనే.

ఇది యూహ మాత్రము కాదు. యూదుల సొంతగ్రంథమున దీనికి సాక్ష్యము గలదు. బాబిలోనీయ తల్మూదునందు నొక పొయ్యి శుద్ధాశుద్ధతలనుగూర్చిన చర్చ యున్నది. ఎలియెజెరు తన మతమును స్థాపించుటకు చెట్టును గదల్చెను, కాలువను వెనుకకు బాఱించెను, గోడలను వంచెను. ఆకాశవాణియు నాతని పక్షమే పలికెను. అయినను, శాస్త్రము భూమికి వచ్చినది గాన నిర్ణయ మింక నాకాశమున లేదని యెహోషువ నిరాకరించెను. విద్వాంసులు భూయస్త్వమునే యనుసరించిరి. తమవాని మహిమలనే ప్రమాణముగ గొననివారు పరుని మహిమలను గొనకుండుట వింత కాదు. ఆ తల్మూదునందే సన్హెద్రీన్ అను భాగమున యేషు అనువాడు మంత్రవిద్యచే నిశ్రాయేలీయులను దప్పుదారి బట్టించెనని యున్నది. గ్రీకు దార్శనికుడు కెల్సుసు క్రీ. శ. 178 ప్రాంతమున నవి యైగుప్తులో నేర్చిన గారడములని వ్రాసెను. ఆతని గ్రంథము నశింపగా, రమారమి 248లో దానిని ఖండించిన ఓరిగెను వ్రాతయందే యాతని మాటలు మిగిలినవి. ఇచ్చటను బ్రతిపక్షిని సిద్ధాంతియే బ్రదికించెను.

శాస్త్రకారణముతోపాటు రాజ్యకారణమును గలదు. యోహాను పదునొకండవ యధ్యాయమున లాజరు లేచిన పిమ్మట, వీని నిట్లే విడిచినచో రోమీయులు వచ్చి మన స్థలమును జనమును హరింతురని సభవారు భయపడిరి. ప్రధానయాజకుడు కయప క్రీ. శ. 18 మొదలు 36 వఱకు రోమా యధికారుల యనుజ్ఞతో నా పదవియం దుండినవాడు. కావున నట్టి భయము నమ్మదగినదే. కాని క్రీ. శ. 70లో రోమీయులు దేవాలయమును నిజముగనే నాశము చేసిరి. ఆ సువార్త యటుపిమ్మట, మొదటి శతాబ్దాంతమున రచింపబడినదని పెక్కు విద్వాంసుల మతము. కనుక నా సభలోని మాటలయందు రచయిత కాలపు నీడ పడినదని గ్రహింపవలయును.

ఈ వివేకము లేకపోవుట పండితుల పొరపాటుగ మాత్రమే ముగియలేదు. పూర్వపక్షమందలి కొందఱు యాజకులను గోపించిన పాఠకులు శతాబ్దములపాటు యూదజాతి నంతను నేరస్థులనుగ జేసి హింసించిరి. 1965లో రెండవ వాటికన్ మహాసభ, యేసు మరణదోషము నాటి యూదులందఱిమీదను, నేటి యూదులమీదను మోపరాదని ప్రకటింపవలసి వచ్చెను. మనయెడను జైనుల కథ యిట్టిదే. పురాణములందు వారు వాదమున నోడుటకే పుట్టినట్లు కనబడుదురు. తెలుగునేలపై గొలనుపాకయందలి జైనక్షేత్రము నేటికిని నిలిచియున్నది. ఓడినవారుగ మాత్రమే వారిని దలచుట యా నేల చరిత్రకు సరిపోదు.

పాఠశాలలో నీ కథలను జెప్పు నుపాధ్యాయుడు మహిమను నవ్వులపాలు చేయనక్కఱ లేదు, నమ్మింపనక్కఱయు లేదు. ప్రతిపక్షి మాట వచ్చినప్పుడెల్ల, ఇది వ్రాసిన దెవరు, ఎదిరిపక్షపు గ్రంథమున నేమి గలదు అని యడుగుట శిష్యులకు నేర్పిన జాలును. సిద్ధాంతము నెల్లరును జదువుదురు. పూర్వపక్షమును న్యాయముగ జదివినవాడే చరిత్రను జదివినవాడు. విజ్ఞులు దీనిని విమర్శింతురు గాక.