పిల్లి తిండి పాకెట్టు వెనకాల కథ

ఈరోజు జీడి ధర గురించి కాదు, పిల్లి గురించి రాస్తున్నాను.

టెక్కలి నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, మా పిల్లికి క్రియాటినిన్ నాలుగు దాటిందట. పాకెట్టు తిండి మార్చమన్నారు. ఏది కొనాలో తెలీడం లేదు" అంది. పక్కనున్నోళ్ళు నవ్వేరు. "ఉద్దానంలో మనుషులకే డయాలసిస్ అయితే, పిల్లికి కిడ్నీ తిండా!" అన్నారు. నాకు నవ్వు రాలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్ళల్లో క్రియాటినిన్ అంటే ఏటో బడిపిల్లలక్కూడా తెలుసు. అందుకే కూర్చుని కొంత చదివేను.

మా చిన్నప్పుడు పిల్లికి వేరే తిండి లేదు. గాదె దగ్గర ఎలకలు, గిన్నెలో మిగిలిన బువ్వ, నాలుగు నెత్తళ్లు, అంతే. ఎలకను పట్టి తినే పిల్లికి కావలసినవన్నీ ఎలకలోనే దొరికేవి. పిల్లి వంశం ఎడారి ప్రాంతాలది. నీళ్ళు తక్కువ తాగుతుంది, మూత్రం చిక్కగా పోస్తుంది. ముసలితనంలో దాని కిడ్నీలు దెబ్బతినడం మామూలే.

పాకెట్టు తిండి మొదట కుక్కలకొచ్చింది. 1860ల్లో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా ఆయన కుక్క బిస్కెట్లు అమ్మేడు. కిడ్నీ తిండి కథ 1939లో మొదలైంది. మోరిస్ ఫ్రాంక్ అనే చూపు లేని ఆయనకు దారి చూపే కుక్క బడ్డీకి కిడ్నీలు పాడయ్యాయి. మార్క్ మోరిస్ అనే పశువుల డాక్టరు దానికోసం వేరే తిండి వండించేడు. 1948లో కాన్సాస్‌లోని హిల్ కంపెనీ దాన్ని డబ్బాల్లో పెట్టి అమ్మింది. తర్వాత పిల్లులకూ అలాంటివొచ్చేయి.

అయితే పాకెట్టు తిండి అంటే అంతా మంచిదేనా? కాదు. అమెరికాలో పేరున్న తిండి తినే పిల్లులు గుండె ఉబ్బి చచ్చిపోయేవి. ఆ తిండిలో టారిన్ చాలకనే అలా జరుగుతోందని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు తేల్చేరు. మాంసంలో ఉండే పదార్థం అది. దాన్ని కలపడం మొదలెట్టేక ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. కుక్క తిండి పిల్లికి పెట్టకూడదనేది ఇందుకే.

2007 మార్చి 16న ఇంకో దెబ్బ. కెనడాలోని మెనూ ఫుడ్స్ కంపెనీ ఆరు కోట్ల డబ్బాలు, పాకెట్లు వెనక్కి పిలిచింది. అవి తిన్న పిల్లులు, కుక్కలకు కిడ్నీలు ఆగిపోతున్నాయి. చైనా నుంచి వచ్చిన గోధుమ పొడిలో ప్లాస్టిక్ తయారీకి వాడే మెలమైన్ కలిపేరు. ఎందుకంటే పరీక్షలో ప్రోటీన్ ఎక్కువున్నట్టు కనపడుతుంది. మరుసటి ఏడాదే అక్కడ పాలపొడిలో అదే మెలమైన్ దొరికింది. సుమారు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చచ్చిపోయేరు. పిల్లుల చావును ముందే హెచ్చరికగా తీసుకోవలసింది.

ఇక్కడ నన్ను ఆపిన సంగతి ఒకటుంది. పాకెట్లు వెనక్కి పిలిచిన రెండు వారాల్లోనే మెలమైన్ దొరికేసింది. పాకెట్టు మీద బ్యాచ్ నంబరుంది, ఏ సరుకు ఎక్కడిదో రాసుంది. మనం తాగిన బావినీళ్ళకీ, పొలంలో పీల్చిన మందుకీ, వొళ్ళు నొప్పులకి మింగిన బిళ్ళలకీ ఏ నంబరూ లేదు. ఇన్నేళ్ళయినా మన జబ్బుకి ఇదీ కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చేయి. అక్కడైనా తేలాలి.

మేనకోడలికి చెప్పింది ఇదే. పాకెట్టు మీద "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని, పిల్లి వయసుకి సరిపడేదని ఉండాలి. "కాంప్లిమెంటరీ" అంటే చిరుతిండి, అదొక్కటే చాలదు. ప్రోటీన్ అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. కిడ్నీ దెబ్బతిన్న పిల్లికి భాస్వరం తక్కువుండాలి. లేబుల్ మీద లేకపోతే కంపెనీని అడగాలి. "రెనల్" తిండి డాక్టరు చెప్తేనే, ఆరోగ్యమున్న పిల్లికి వద్దు. తడి తిండి మంచిది, నీళ్ళు లోపలికి వెళ్తాయి. ఉప్పుచేప ఆపాలి. పాత తిండిలో కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరు దగ్గరకెళ్ళాలి. పారాసిటమాల్ పిల్లికి విషం.

చివర్న ఇంకోటి చెప్పేను. "పాకెట్టు అయిపోయేదాకా దాని మీది నంబరు పారేయకమ్మా."