గ్రాంటు లెక్కలో మనమెక్కడ?

"కేంద్రం డబ్బంతా సాయిబులకే దోచిపెడుతున్నారు" అనే మాట టీ బడ్డీల దగ్గరా, రైలు పెట్టెల్లోనూ, ఒక్కోసారి పత్రికాఫీసు బల్లల చుట్టూ కూడా వింటూనే ఉంటాం. విని తలవంచుకునేవాళ్ళున్నారు, కోపం తెచ్చుకునేవాళ్ళున్నారు. పద్దు పుస్తకం తెరిచి చూద్దాం రండి అని పిలిచినవాళ్ళు మాత్రం తక్కువ. ఆ పని ఇక్కడ చేద్దాం. పల్లెటూరి బడికి పైనుంచి డబ్బు ఎలా బయల్దేరుతుంది, ఏ దారిన వస్తుంది, ఎవరిని లెక్కపెట్టి ఎవరిని వదిలేస్తుంది? దీనికి నూటయాభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనమూ ఉన్నాం, కానీ ఎక్కువ భాగం అంకెల సందుల్లో ఉన్నాం.

విశాఖనుంచే మొదలుపెడదాం. ఈ ఊరు పైనుంచి వచ్చిన డబ్బుతో పెరిగిన ఊరు. 1933లో రేవు తెరుచుకుంది. 1971లో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేస్తే, 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఢిల్లీ తలుచుకుంటే సముద్రాన్ని తవ్వి ఓడలు నిలబెట్టగలదనీ, ఇసుక దిబ్బల మీద కొలిమి వెలిగించగలదనీ విశాఖవాసులకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే ఉక్కు కోసం 64 పల్లెలు భూములిచ్చాయి. రేవుకీ ఉక్కుకీ డబ్బు ఒక అవసరాన్ని చూసి వచ్చింది. మరి బడికి వచ్చే డబ్బు దేన్ని చూసి వస్తుంది? అసలు ప్రశ్న ఇదే.

ఉత్తరాంధ్రలో ముస్లింలు నిన్న మొన్న వచ్చినవాళ్ళు కారు. గోల్కొండ కాలంనుంచీ శ్రీకాకుళం సర్కారు ఉంది. అప్పట్లో చికాకోల్ అనే పేరుతో అది ఫౌజుదారు కేంద్రం. విశాఖ పాత ఊళ్ళో రేవుకెదురుగా కొండ మీది దర్గా, గుడి, చర్చి ఒకదాని పక్కన ఒకటి ఈనాటికీ ఉన్నాయి. అయితే 1766లో నిజాముతో ఒప్పందం జరిగి ఉత్తర సర్కార్లు కుంపిణీ చేతికి పోయాక, ఫార్సీ చదువుకి కొలువు పోయింది. కొలువు పోయిన చదువుని మసీదు అరుగు మీద మౌల్వీ సాబు ఒక్కడే మోసుకొచ్చాడు.

గ్రాంటు అనే మాట 1854లో వచ్చింది. చార్లెస్ ఉడ్ పంపిన విద్యా తాఖీదులో ప్రైవేటు బళ్ళకి సర్కారు సాయం చేయొచ్చని రాశారు. మతం జోలికి పోమన్నారు, బాగానే ఉంది. కానీ షరతులున్నాయి: బడికి స్థానికంగా ఒక యాజమాన్యం ఉండాలి, ఇన్‌స్పెక్టరుకి తలుపు తీయాలి, పిల్లల దగ్గర ఎంతో కొంత ఫీజు వసూలు చేయాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ తర్వాత "ఫలితాన్ని బట్టి చెల్లింపు" అనే పద్ధతి కూడా నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని నిలబెట్టి చదువు, రాత, లెక్కలు పరీక్షిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే పంతులుకి అంత గ్రాంటు. ఖురాను ఒప్పజెప్పే పిల్లవాడు, కరీమా చదివే పిల్లవాడు ఆ పరీక్షలో సున్నా. కాబట్టి మౌల్వీ సాబుకీ సున్నా. ఇది ముస్లింల మీద పగతో చేసిన ఏర్పాటు కాదు. లెక్కపెట్టడానికి ఎంచుకున్న కొలత మన బడికి సరిపడలేదు, అంతే. ఆ "అంతే" అన్నదాని బరువు మాత్రం తరాలు మోశాయి.

1882లో హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ కూర్చుంది. సర్ సయ్యద్ కొంతకాలం, ఆయన తప్పుకున్నాక ఆయన కొడుకు సయ్యద్ మహమూద్ అందులో సభ్యులు. ముస్లింల చదువుని ప్రోత్సహించడం స్థానిక నిధులూ, మునిసిపల్ నిధులూ, ప్రొవిన్షియల్ నిధులూ న్యాయంగా భరించవలసిన ఖర్చేనని ఆ కమిషన్ చెప్పింది. మక్తబులు లౌకిక విషయాలు కూడా చెప్పేలా ధారాళంగా సాయం చేయమంది. ముస్లిం ఇన్‌స్పెక్టర్లను ఎక్కువగా పెట్టమంది. ఏటా విద్యాశాఖ నివేదికలో ముస్లింల చదువు మీద ఒక ప్రత్యేక భాగం రాయమంది. ఈ చివరి సిఫారసు చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. విడిగా లెక్కపెట్టి విడిగా రాస్తే తప్ప, ఎవరికి అందిందో ఎవరికి అందలేదో తెలియదని ఆ రోజునే ఒప్పుకున్నారన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం 30వ అధికరణం రెండో క్లాజులో ఒక మాట ఇచ్చింది: అల్పసంఖ్యాకుల యాజమాన్యంలో ఉందన్న కారణంతో ఏ విద్యాసంస్థకూ సాయంలో వివక్ష చూపకూడదు. 1956లో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలంది. మాటలు రెండూ బంగారం. అయితే అప్పటికి చదువు రాష్ట్రాల జాబితాలోది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాక పల్లె బడి సమితి కిందికీ, హైస్కూలు జిల్లా పరిషత్తు కిందికీ వెళ్ళాయి. ఉర్దూ చెప్పే మాస్టరు కావాలంటే ఢిల్లీ రాజ్యాంగాన్ని కాదు, సమితి ఆఫీసులో గుమాస్తాని అడగాలి. ఆ గుమాస్తా అడిగేది ఒక్కటే: "ఎంతమంది ఉన్నారు?"

1976లో 42వ సవరణ చదువుని ఉమ్మడి జాబితాలో పెట్టింది. 1986లో జాతీయ విద్యావిధానం, 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ వచ్చాయి. ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్లా పటాలూ మొదలైన సామగ్రి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో చదువుకున్న మన తరానికి ఆ రెండో మాస్టరు విలువ తెలుసు. 1996లో మన రాష్ట్రంలో డి.పి.ఇ.పి. మొదలైంది. స్త్రీల అక్షరాస్యత దేశ సగటుకన్నా తక్కువున్న జిల్లాలను ముందు ఎంచుకున్నారు. మొదటి విడతలో పొరుగునున్న విజయనగరం ఉంది, విశాఖ జిల్లా రెండో విడతలో వచ్చింది. 2001లో సర్వశిక్షా అభియాన్. ఖర్చులో కేంద్రం వాటా మొదట నూటికి 85, తర్వాత 75, అలా మారుతూ 2015-16 నుంచి 60 దగ్గరకొచ్చింది. మిగతాది రాష్ట్రం పెట్టాలి. రాష్ట్రం తన వాటా కట్టడం ఆలస్యమైతే కేంద్రం తర్వాతి వాయిదా ఆలస్యం. రెండు ఏనుగుల మధ్య నలిగేది పల్లె బడి.

ఆ డబ్బు బళ్ళో ఎలా ఖర్చయ్యేదో పాఠకులకు తెలియాలి. సర్వశిక్షాలో బడికి ఏటా 2000 రూపాయల స్కూలు గ్రాంటు, ఒక్కో టీచరుకి బోధన సామగ్రి కోసం 500, మరమ్మతులకి వేరే గ్రాంటు ఉండేవి. రాష్ట్రంలో 1998లో చేసిన చట్టం పాఠశాల విద్యా కమిటీలను తెచ్చింది. డబ్బు కమిటీ పేర ఉన్న బ్యాంకు ఖాతాలో పడేది. హెడ్మాస్టరూ, కమిటీ చైర్మనూ సంతకాలు పెట్టి తీసేవారు. ఖర్చయ్యాక బిల్లులు జతచేసి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ మండల విద్యాధికారికి ఇవ్వాలి. అది ఇవ్వకపోతే మరుసటి ఏడు గ్రాంటు రాదు. జూన్‌లో బడి తెరిచేటప్పుడు కావలసిన సుద్దముక్కల డబ్బు ఏడాది చివర వచ్చి, మార్చి 31 లోపు ఖర్చు చూపించమంటే హెడ్మాస్టరు ఏం చేస్తాడు? ముందు జేబులోంచి పెడతాడు, లేదా కొట్టువాడి దగ్గర అప్పు రాయిస్తాడు. పల్లె బళ్ళు గ్రాంటుని నిర్వహించిన కథలో సగం ఈ అప్పుల కథే.

2018లో అన్నిటినీ కలిపి సమగ్ర శిక్ష చేశారు. విడివిడి గ్రాంటుల స్థానంలో ఒకే గ్రాంటు, పిల్లల సంఖ్యను బట్టి. తర్వాత సవరించిన లెక్క ప్రకారం 30 మంది లోపున్న బడికి 10 వేలు, వంద లోపు 25 వేలు, అలా వెయ్యి దాటితే లక్ష. 2021లో ఖాతాల పద్ధతి కూడా మారింది: రాష్ట్రానికంతా ఒకే ప్రధాన ఖాతా, బళ్ళ ఖాతాల్లో నిల్వ సున్నా, పరిమితి మేరకే తీసుకోవడం. డబ్బు దారిలో నిలిచిపోకుండా ఇది మంచిదే అనేవాళ్ళున్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఖాతా సున్నా అయినప్పుడు కమిటీ చేతిలో మిగిలేది సంతకం మాత్రమే.

ఇప్పుడు మన లెక్కకొద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలు నూటికి తొమ్మిదిన్నర. విశాఖ జిల్లాలో నూటికి రెండుకు అటూ ఇటూ. కర్నూలు, కడపల్లో మనం వీధులకు వీధులు. ఇక్కడ ఊరికి పదిళ్ళు, ఇరవై ఇళ్ళు. ఇరవై ఇళ్ళ పిల్లలతో ఉర్దూ బడి నడిస్తే అది 10 వేల బడి. నెలకి 833 రూపాయలు. తలసరి లెక్క కడితే వెయ్యిమంది బడికన్నా ఎక్కువే కదా అని అధికారి అనొచ్చు. అంకెల ప్రకారం అది నిజమే. కానీ కప్పు కారడం తలసరి కారదు. కరెంటు బిల్లు, మంచినీళ్ళ కుండీ, మరుగుదొడ్డి తలుపు, ఇవేవీ పిల్లల సంఖ్యతో భాగించినంత మాత్రాన చవక కావు. పిల్లలు తక్కువైన కొద్దీ టీచరు పోస్టు ఊగుతుంది. టీచరు లేకపోతే ఇంకొందరు తగ్గుతారు. ఆ తర్వాత "డిమాండు లేదు" అని రాస్తారు. పదిళ్ళ గిరిజన గూడెం బడిదీ ఇదే కథ. అందుకే ఇది మన ఒక్కరి గోడు కాదు.

మరి మైనారిటీల కోసమే పెట్టిన పథకాలో? 1993లో విద్యలో వెనుకబడిన మైనారిటీల కోసం ప్రాంతీయ పథకం, మదర్సాల ఆధునికీకరణ పథకం వచ్చాయి. హంటర్ 1882లో మక్తబుకి చెప్పిందే నూట పదకొండేళ్ళకి మదర్సాకి చెప్పారు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్ళేది నూటికి ముగ్గురేనని తేల్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. అంటే దేశమంతా చర్చించింది ఆ ముగ్గురి గురించి. తెలుగు మీడియం మండల పరిషత్ బళ్ళో, ప్రైవేటు కాన్వెంటులో, మెకానిక్ షెడ్డులో ఉన్న మిగతా పిల్లల గురించి కాదు.

అదే 2006లో ప్రధాని 15 సూత్రాల కార్యక్రమం, తర్వాత మైనారిటీలు ఎక్కువగా ఉన్న జిల్లాలకు ప్రత్యేక నిధులు వచ్చాయి. జిల్లా ఎంపికకు మైనారిటీలు నూటికి 25 మంది ఉండటాన్ని ప్రధానమైన గీటురాయిగా తీసుకున్నారు. విశాఖ ఆ గీత దరిదాపుల్లోకి రాదు. పేదరికం ఎంతున్నా, చెదిరి ఉంటే లెక్కలోకి రాం. 2008లో మొదలైన ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒక్కటి మాత్రం పిల్లవాడి వెంట నడిచింది. ఏ జిల్లాలో ఉన్నా, ఏ మీడియంలో చదివినా పెట్టుకునే వీలుండేది. చెదిరి ఉన్నవాళ్ళకి సరిపోయే పద్ధతి అదే. 2022లో దాన్ని 9, 10 తరగతులకి పరిమితం చేశారు. ఎనిమిది వరకు విద్యాహక్కు చట్టం ఉచితంగా చదువు చెబుతోంది కదా అన్నారు. ఆ డబ్బు ఫీజుకి మాత్రమే కాదనీ, పిల్లవాణ్ణి పనికి పంపకుండా ఆపే తల్లి చేతిలో ఒక ఆసరా అనీ ఎవరు చెప్పాలి?

ఒక మాట మనలో మనం కూడా చెప్పుకోవాలి. మనం మైనారిటీ చదువు అనగానే ఉర్దూ అంటాం, ఉర్దూ అనగానే పట్నం అంటాం. నూర్‌బాషా దూదేకుల ఇంట్లో తల్లి జోలపాట తెలుగులో పాడుతుంది. ఆ ఇంటి పిల్లకి మాతృభాష గడిలో తెలుగు అని రాస్తారు, అది సరైనదే. కానీ మతం గడి చూడకుండా భాష గడి మాత్రమే చూసే పథకంలో ఆ పిల్ల మాయమవుతుంది. మన సభల్లోనూ మాయమవుతుంది. "వాళ్ళకి ఉర్దూ రాదు కదా" అని చప్పరించే షరీఫులు, సమితి గుమాస్తా అడిగిన ప్రశ్ననే వేరే మాటల్లో అడుగుతున్నారు.

ఏం చేయాలి? మొదటిది, బడి కమిటీలో కూర్చోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలు. మన అమ్మీలు ఆ సగంలో ఎందుకు లేరు? రెండోది, ఏటా బడి వివరాలు నింపే యూడైస్ పత్రం చూపించమని అడగాలి. మన పిల్లల మతం, భాష, కులం గడులు సరిగ్గా నిండాయో లేదో చూడాలి. గ్రాంటులన్నీ ఆ పత్రం మీదుగానే నడుస్తాయి. మూడోది, చిన్న బడికి తలల లెక్కతో సంబంధం లేని ఒక కనీస గ్రాంటు కావాలని, గిరిజన గూడేలవాళ్ళతో, మత్స్యకార పల్లెలవాళ్ళతో కలిసి అడగాలి. ఒక్కళ్ళమే అడిగితే మళ్ళీ "ఎంతమంది ఉన్నారు?" అంటారు.

2022లో పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలకు మూడు కొత్త పద్దు పుస్తకాలు వచ్చాయి. కేంద్రం డబ్బంతా సాయిబులకే పోతోందనేవాళ్ళని ఈ మూడు పుస్తకాల దగ్గరికీ తీసుకెళ్దాం. భీమిలి వైపు గానీ అనకాపల్లి వైపు గానీ ఏదో ఒక మండలం పేజీ తీసి, వాళ్ళ వేలితోనే వరస వెంట చదివిద్దాం. దోచిపెట్టింది ఎక్కడుందో వాళ్ళు చూపించాలి. మన పిల్లలు ఎక్కడున్నారో మనం చూపించాలి. ఈ రెండో పని వాళ్ళకోసం ఆగనక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.