సైనిక పైలట్లు: కొలువు, పదోన్నతి, విమాన భద్రత (నల్లమల ప్రాంతం)

సైన్యంలో తర్ఫీదు పొందిన పైలట్లను కొలువులో నిలుపుకోవడం, వారికి పదోన్నతి దారి చూపడం, గాలిలో ప్రమాదాలను తగ్గించడం అనే మూడు విషయాలను విడివిడిగా చర్చించడం పరిపాటి. వాటి మధ్య ఉన్న ముడి నల్లమల కొండల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 2009 సెప్టెంబరు 2న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నేటి నంద్యాల జిల్లాలోని పావురాలగుట్టపై కూలిపోయింది. ప్రధాన పైలట్ వాయుసేనలో గ్రూప్ కెప్టెన్ హోదాలో పనిచేసిన అధికారి. పౌర హెలికాప్టర్‌కు జరిగిన ప్రమాదమే అయినా, సైనిక పైలట్ల జీవనక్రమం, శిక్షణ, భద్రతా నియమాలపై చర్చకు అది తెలుగు నేలపై ముఖ్యమైన సందర్భమైంది.

భౌగోళిక నేపథ్యం

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు కుందూ నది పారే మైదానంలో ఉన్నాయి. వీటికి తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండలు ఉన్నాయి. ఆళ్లగడ్డకు తూర్పున అడవి అంచులో అహోబిలం నవనారసింహ క్షేత్రం ఉంది. నల్లమల శిఖరాలలో ఎత్తైనవి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు ఉంటాయి. ఇవి హిమాలయాల వంటి ఎత్తులు కావు. అయితే నైరుతి రుతుపవనాల కాలంలో మబ్బులు ఈ కొండల మీదికి దిగి గుట్టలను కప్పేస్తాయి. అడవి దట్టమైనది, ఊళ్లు తక్కువ. కొండ గాలులు ఉన్నట్టుండి కిందికి విరుచుకుపడతాయి.

హైదరాబాదు నుంచి చిత్తూరుకు పటం మీద గీత గీస్తే అది కృష్ణానదిని దాటి, నంద్యాల, ఆళ్లగడ్డలకు కొంచెం తూర్పుగా నల్లమల మీదుగా సాగుతుంది. హైదరాబాదు నుంచి రాయలసీమ దక్షిణ భాగానికి వెళ్లే హెలికాప్టర్లకు ఈ కొండలు అడ్డదారి. వానాకాలంలో అదే అన్నిటికంటే కష్టమైన దారి.

తెలుగు నేలపై సైనిక విమాన శిక్షణ

భారత వాయుసేన 1932 అక్టోబరు 8న ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదులోని బేగంపేటలో పైలట్లకు ప్రాథమిక శిక్షణ ఇచ్చే పాఠశాల నడిచింది. స్వాతంత్ర్యం తరువాత హకీంపేట, దుండిగల్ శిక్షణ కేంద్రాలుగా ఎదిగాయి. దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబరు 11న రాష్ట్రపతి జాకిర్ హుసేన్ శంకుస్థాపన చేశారు. అక్కడ 1971లో శిక్షణ మొదలైంది. హెలికాప్టర్ పైలట్లు హకీంపేటలోని హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో తయారవుతారు. ఈ విధంగా దేశంలోని వాయుసేన పైలట్లలో అత్యధికుల తొలి అడుగులు దక్కన్ పీఠభూమి మీదే పడ్డాయి.

శిక్షణకు వాడే విమానాలే ఒక్కోసారి ప్రమాదకారణాలయ్యాయి. హెచ్‌పీటీ-32 అనే ప్రాథమిక శిక్షణ విమానం 2009 జులై 31న మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు శిక్షకులు మరణించారు. ఆ వెంటనే ఆ రకం విమానాలన్నిటినీ నేలకు దించారు. పావురాలగుట్ట ప్రమాదానికి ఇది దాదాపు నెల రోజుల ముందు జరిగింది. దాని స్థానంలో స్విట్జర్లాండ్ తయారీ పిలాటస్ పీసీ-7 మార్క్ 2 విమానం 2013లో దుండిగల్‌లో ప్రవేశించింది. 2023 డిసెంబరు 4న ఈ రకం విమానం ఒకటి మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి శిక్షకుడు, శిక్షణార్థి ఇద్దరూ మరణించారు.

శిక్షణలోని వెలితి ఎంత ఆలస్యంగా పూడుతుందో చెప్పడానికి తరచు చూపే ఉదాహరణ ఉన్నతస్థాయి జెట్ శిక్షణ విమానం. నెమ్మదైన విమానాలు నడిపిన యువ పైలట్లను ఒక్కసారిగా మిగ్-21 వంటి వేగవంతమైన యుద్ధ విమానాల్లో కూర్చోబెట్టడం ప్రమాదాలకు దారితీస్తోందని, మధ్యలో ఒక మెట్టు కావాలని 1982లో లా ఫాంటేన్ కమిటీ సూచించింది. ఆ మెట్టుగా ఎంచుకున్న హాక్ విమానం బీదర్ స్థావరంలో చేరింది 2008లో. ఈ లోగా ఇరవై ఆరేళ్లు గడిచాయి. 2012లో రక్షణ శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం, సేకరించిన 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాలకు గురయ్యాయి. 171 మంది పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. మిగ్-21ను 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో కొలువు నుంచి సాగనంపారు.

పదోన్నతి మెట్లు

వాయుసేన అధికారి ఫ్లయింగ్ ఆఫీసర్‌గా కొలువులో చేరి ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, గ్రూప్ కెప్టెన్, ఎయిర్ కమొడోర్ హోదాల మీదుగా పైకి వెళ్తాడు. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సుల దరిమిలా 2004 డిసెంబరు నుంచి కాలపరిమితి పదోన్నతులు అమలయ్యాయి. రెండేళ్లకు ఫ్లైట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకు వింగ్ కమాండర్ హోదా వస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లాలంటే ఎంపిక బోర్డు దాటాలి. దాటనివారికి ఇరవై ఆరేళ్ల సర్వీసు తరువాత కాలపరిమితి గ్రూప్ కెప్టెన్ హోదా దక్కుతుంది.

ఈ వ్యవస్థ శంఖాకారంలో ఉంటుంది. అడుగున వెడల్పు, కొసన ఇరుకు. పైలట్‌గా మంచి అనుభవం గడించిన వయసులోనే అధికారి ఎంపిక బోర్డు ముందుకు వస్తాడు. హోదా పెరిగిన కొద్దీ విమానం నడిపే గంటలు తగ్గి, కార్యాలయ బాధ్యతలు పెరుగుతాయి. అంటే ఎంపికైన వారు కాక్‌పిట్‌కు దూరమవుతారు, ఎంపిక కానివారు సైన్యానికి దూరమవుతారు. రెండు విధాలా నష్టపోయేది స్క్వాడ్రనే.

హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లిన తొలి భారతీయుడు. వింగ్ కమాండర్ హోదాతో వాయుసేన వీడి, 1987లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థలో టెస్ట్ పైలట్‌గా చేరారు. కీర్తికి, హోదాకు సంబంధం ఉండనక్కర్లేదని ఇది చూపుతుంది. దీనికి భిన్నమైన ఉదాహరణ సికింద్రాబాదులో పుట్టిన ఫాలీ హోమీ మేజర్. యుద్ధ విమాన పైలట్లకే దక్కుతూ వచ్చిన వాయుసేన ప్రధానాధికారి పదవిని 2007లో చేపట్టిన తొలి హెలికాప్టర్ పైలట్ ఆయన.

మహిళలకు ఈ దారి ఆలస్యంగా తెరుచుకుంది. హెలికాప్టర్, రవాణా విమాన విభాగాల తొలి మహిళా పైలట్లు 1994లో శిక్షణ పూర్తి చేసుకున్నారు. వారిది షార్ట్ సర్వీస్ కమిషన్ కావడంతో కొలువు కొన్నేళ్లకే ముగిసేది. పింఛనుకు కావలసిన ఇరవై ఏళ్లు నిండేవి కావు. 2010లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో శాశ్వత కమిషన్‌కు దారి ఏర్పడింది. యుద్ధ విమాన విభాగంలో తొలి ముగ్గురు మహిళా పైలట్లు 2016 జూన్ 18న దుండిగల్‌లోనే కమిషన్ పొందారు.

కొలువు వీడటం

2003 తరువాత చవక టికెట్ల విమానయాన సంస్థలు పుట్టుకురావడంతో దేశంలో పైలట్లకు గిరాకీ పెరిగింది. తొలి సంస్థ ఎయిర్ డెక్కన్‌ను స్థాపించినది కూడా మాజీ సైనికాధికారి కెప్టెన్ జి.ఆర్. గోపీనాథే. ఇరవై ఏళ్ల సర్వీసుతో పింఛను హక్కు వస్తుంది. ఆ వయసు పైలట్‌కు బయట జీతం ఎన్నో రెట్లు దొరుకుతుంది. పిల్లల చదువులు, తరచు బదిలీలు, ఎంపిక బోర్డులో నిరాశ కూడా తోడయ్యాయి. సమాచార హక్కు చట్టం కింద వాయుసేన ఇచ్చిన జవాబు ప్రకారం 2019కి ముందు పదేళ్లలో 798 మంది పైలట్లు వైదొలిగారు. వారిలో 289 మందికి పౌర విమానాలు నడిపేందుకు నిరభ్యంతర పత్రాలు లభించాయి.

హెలికాప్టర్ పైలట్ల దారి వేరు. వారు చేరేది ఎక్కువగా చమురు బావులకు సిబ్బందిని చేరవేసే సంస్థలు, ప్రభుత్వ హెలికాప్టర్ సంస్థ పవన్ హంస్, రాష్ట్ర ప్రభుత్వాల విమానయాన విభాగాలలో. అందువల్ల ముఖ్యమంత్రులు, మంత్రులు ఎక్కే హెలికాప్టర్లను నడిపేవారిలో మాజీ సైనికులు ఎక్కువగా కనిపిస్తారు. ప్రముఖుల ప్రయాణాల్లో కార్యక్రమ వేళ ముందే ఖరారవుతుంది, దిగేచోటు పల్లెటూరి పొలం కావచ్చు, వాతావరణ సమాచారం అరకొరగా అందవచ్చు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలోనే మరణించారు.

2009 దుర్ఘటన

ఆ ఉదయం రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లా అనుపల్లిలో ‘రచ్చబండ’ కార్యక్రమాన్ని ప్రారంభించవలసి ఉంది. 8.38 గంటలకు బేగంపేట నుంచి బయలుదేరిన రాష్ట్ర ప్రభుత్వ బెల్ 430లో ముఖ్యమంత్రితో పాటు ఆయన ముఖ్య కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ప్రధాన భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి ఉన్నారు. 9.27 ప్రాంతంలో నల్లమల మీద దాని జాడ తెగిపోయింది.

గాలింపు మర్నాటి ఉదయం దాకా సాగింది. వేలమంది కేంద్ర బలగాలు, పోలీసులు, అడవి అంచు పల్లెల ప్రజలు వానలోనే నడిచారు. ఇస్రో ఉపగ్రహ చిత్రాలను రంగంలోకి తెచ్చారు. బరేలీ నుంచి సుఖోయ్-30 విమానం రాడార్‌తో అడవిని జల్లెడ పట్టింది. సెప్టెంబరు 3 ఉదయం వాయుసేన హెలికాప్టర్ పావురాలగుట్టపై శకలాలను గుర్తించగా, కమాండోలు తాళ్ల సాయంతో దిగారు. అయిదుగురూ మరణించినట్టు తేలింది.

 

విచారణ తేల్చినది

పౌర విమానయాన శాఖ అప్పటి పవన్ హంస్ అధిపతి ఆర్.కె. త్యాగి ఆధ్వర్యంలో విచారణ సంఘాన్ని నియమించింది. హెలికాప్టర్ బలమైన కిందిగాలిలో చిక్కి, అదుపు తప్పి, అతి వేగంగా నేలను తాకిందని సంఘం తేల్చింది. అంతకు ముందు ఆరు నిమిషాలకు పైగా సిబ్బంది ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో తలెత్తిన లోపం మీద ధ్యాస పెట్టారని, ముందున్న వాతావరణం మీద తగిన శ్రద్ధ నిలవలేదని, దారి మళ్లించుకోలేదని పేర్కొంది. కుట్ర కోణం లేదని సీబీఐ దర్యాప్తు కూడా చెప్పింది.

నిపుణులు ఇందులో చూసే పాఠం అనుభవానికి సంబంధించినది. ఎన్ని వేల గంటల అనుభవమున్నా, చిన్న లోపం ఒకటి ఇద్దరి చూపునూ ఒకేచోటికి లాగితే కిటికీ బయట చూసేవారు ఉండరు. లోపం సంగతి ఒకరు చూస్తే, విమానం సంగతి మరొకరు చూడాలన్నది పైలట్ల శిక్షణలో మొదటి సూత్రాలలో ఒకటి. ‘సిబ్బంది వనరుల నిర్వహణ’ అనే శిక్షణ లక్ష్యం కూడా ఇదే: హోదా ఏదైనా, పక్కనున్నవాడు వెనక్కి తిరుగుదామంటే ఆ మాటకు విలువ ఉండాలి.

కూనూరుతో పోలిక

2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర వాయుసేన ఎంఐ-17వీ5 కూలి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ సహా అందులోని 14 మందీ మరణించారు. చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ వారిలో ఒకరు. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి, హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లి, పైలట్ దిక్కు తెలియని స్థితిలో నేలను తాకిందని త్రివిధ దళాల విచారణ తెలిపింది. పార్లమెంటు స్థాయీ సంఘానికి సమర్పించిన జాబితాలో కారణాన్ని సిబ్బంది పొరపాటుగా నమోదు చేశారు. అదే పత్రం ప్రకారం 2017-22 మధ్య వాయుసేనలో 34 ప్రమాదాలు జరిగాయి.

రెండు ప్రమాదాల్లోనూ కొండ, మబ్బు, ప్రముఖులు ఉన్నారు. తేడా విచారణ తీరులో ఉంది. పౌర ప్రమాదం కాబట్టి నల్లమల నివేదిక బయటికి వచ్చింది, ఇతర పైలట్లు చదువుకోగలిగారు. సైనిక ప్రమాదాలపై జరిగే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వివరాలు సాధారణంగా పూర్తిగా వెల్లడి కావు. పౌర రంగంలో 2012లో విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో ఏర్పడటంతో, నియమాలు అమలు చేసే డీజీసీఏ నుంచి దర్యాప్తు పని వేరుపడింది.

ప్రస్తుత స్థితి

2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక వాయుసేనలో పైలట్ల కొరత 2015 ఫిబ్రవరిలో 486 ఉండగా 2021 చివరికి 596కు పెరిగిందని తెలిపింది. కొత్తగా శిక్షణలో చేర్చుకోవలసిన సంఖ్య కూడా నెరవేరలేదని పేర్కొంది. 64 పిలాటస్ విమానాల్లో 16 విమానాల్లో ఇంజిన్ ఆయిల్ కారిన సందర్భాలు 2013-21 మధ్య 38 నమోదయ్యాయని అదే నివేదిక చెబుతోంది. వైదొలిగేవారి స్థానం నింపడం, నింపేవారికి నమ్మకమైన విమానం ఇవ్వడం వేరువేరు సమస్యలు కావని ఈ అంకెలు చూపుతాయి.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా కేంద్రమైంది. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు దగ్గర 2021 మార్చి 25న ప్రారంభమైన విమానాశ్రయానికి, ఆళ్లగడ్డ చుట్టుపక్కల సీమలో పుట్టి బ్రిటిష్ వారిని ఎదిరించిన పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆత్మకూరు మండలం నల్లకాలువ దగ్గర, నల్లమల అంచున, 2009 ప్రమాదానికి గుర్తుగా స్మృతివనం ఉంది.