కొలత తెలిసిన మందు: లిథియము చరిత్ర

కొలత మీఱినచో అమృతమును విషమగునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట అన్ని మందులకును వర్తించును గాని, మానసిక వ్యాధులకు వాడు లిథియమునకు వర్తించినంతగా మఱి దేనికిని వర్తింపదేమో. ఈ మందు మొదట స్వస్థత చేకూర్చిన రోగియే రెండేండ్లకు దాని వలననే మరణించెను. అట్టి మందు వైద్యశాస్త్రము నుండి బహిష్కృతము గాక నేటికిని వేలకొలది కుటుంబముల నేల ఆదుకొనుచున్నదో శ్రోతలకు విన్నవింప దలచితిమి.

లిథియము లోహములలో కెల్ల తేలికయైనది. 1817లో స్వీడను దేశీయుడగు ఆర్ఫ్‌వెడ్‌సన్ దీనిని ఒక ఖనిజమున కనుగొనెను. గ్రీకు భాషలో ‘లిథోస్’ అనగా రాయి. పేరు అందుండి వచ్చినది. దీని లవణములు యూరిక్ ఆమ్లమును కరగించునని తలచి పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు కీళ్ల వాతమునకు వాడిరి. లిథియము కలిపిన పానీయములు సైతము పాశ్చాత్య దేశములలో అంగళ్ల అమ్ముడయ్యెడివి.

మానసిక వైద్యమున దీని చరిత్ర జాన్ కేడ్ అను ఆస్ట్రేలియా వైద్యునితో క్రొత్త మలుపు తిరిగెను. రెండవ ప్రపంచ సంగ్రామమున ఆయన జపానువారికి చిక్కి సింగపూరులోని చాంగీలో మూడేండ్లకు పైగా యుద్ధఖైదీగా నుండెను. విడుదలయైన పిదప మెల్బోర్ను చెంత బండూరా మానసిక వైద్యశాలలో చేరి, వాడుక తప్పిన వంటగదిని ప్రయోగశాలగా చేసికొనెను. దేహమున పుట్టు ఏదో విషపదార్థమే ఉన్మాదమునకు కారణమని ఆయన ఊహ. దానిని పరీక్షించుటకై రోగుల మూత్రమును గినీపందులకు ఎక్కించి చూచెను. యూరిక్ ఆమ్లము నీట సులభముగ కరగదు గావున, కరగునట్టి లిథియము యూరేటును పుచ్చుకొనెను. గినీపందులు కలవరపడుటకు మారుగా శాంతించి, వెల్లకిల పరుండబెట్టినను కదలకుండెను. ఊహ సరియైనది కాదు; కాని దాని వెంట పోగా దొరకిన ఫలము మాత్రము గొప్పది.

కేడ్ ముందుగా ఆ లవణమును తాను సేవించి చూచి, 1948 మార్చి నెలలో ఐదేండ్లుగా ఉన్మాదముతో బాధపడుచున్న ఒక రోగికి ఇచ్చెను. కొలది నెలలలో ఆ రోగి స్వస్థుడై ఇల్లు చేరి, తన పూర్వపు ఉద్యోగములో ప్రవేశించెను. పదిమంది ఉన్మాద రోగుల వృత్తాంతముతో కేడ్ వ్యాసము 1949 సెప్టెంబరులో వెలువడెను. అంతలో ఆ మొదటి రోగి మందు మానివేసి, వ్యాధి తిరుగబెట్టగా మరల వైద్యశాల చేరియుండెను. మరల మందు ప్రారంభించిరి. 1950లో అతడు లిథియము విషము చేతనే మరణించెను. మనసు క్రుంగిన కేడ్ తన వైద్యశాలలో ఆ మందు వాడుకను నిలిపివేసెను.

ఆ 1949వ సంవత్సరముననే అమెరికాలో మఱియొక విపత్తు సంభవించెను. ఉప్పు మానవలసిన హృద్రోగులకు ఉప్పునకు బదులుగా లిథియము క్లోరైడును అమ్మిరి. పలువురు విషగ్రస్తులైరి; కొందఱు మరణించిరి; ప్రభుత్వము దానిని అంగళ్ల నుండి తీయించెను. ఇందలి మర్మము తెలిసికొనదగినది. లిథియమును దేహము నుండి వెడలించునవి మూత్రపిండములు. అవి సోడియమును, లిథియమును చాలవఱకు ఒకే తీరున చూచును. దేహమున ఉప్పును నీరును తగ్గినచో, సోడియమును నిలుపుకొను ప్రయత్నమున లిథియమును గూడ నిలుపుకొనును. ఉప్పు మానిన వారికే దీనిని కొలత లేక ఇచ్చుట ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

మందును ఈ అపకీర్తి నుండి కాపాడినది కొలత. మెల్బోర్ను విశ్వవిద్యాలయమున ట్రౌట్నర్ అను శాస్త్రజ్ఞుడు నోయాక్ అను వైద్యునితో కలసి నూఱుగురికి మించిన రోగులను పరిశీలించి 1951లో ఫలితములను ప్రకటించెను. జ్వాలలో లిథియము ఎఱ్ఱని కాంతి నిచ్చును. ఆ కాంతి తీవ్రతను ఫ్లేమ్ ఫోటోమీటరు అను యంత్రముతో కొలిచి, రక్తమున మందు ఎంత యున్నదో తెలిసికొనవచ్చును. ఎన్ని మాత్రలు మ్రింగెనను లెక్క ఒక్కటియే చాలదనియు, రక్తమున నిలిచినది ఎంతయో చూడవలెననియు ఈ పరిశోధనల వలన స్పష్టమయ్యెను.

1954లో డెన్మార్కు దేశమున మోగెన్స్ షౌ, ఆయన సహచరులు కొందఱికి మందును, కొందఱికి ఉత్తి మాత్రలను ఇచ్చి దీని గుణమును పరీక్షించిరి. 1968లో సైతము లండను వైద్యులు కొందఱు లిథియము వ్యాధి మరలకుండ కాపాడునను మాటను నమ్మరైరి. ఆ వాదము వలన మేలే కలిగెను; షౌ బృందము మఱింత కట్టుదిట్టమైన పరీక్ష జరిపి 1970లో బదులు చెప్పెను. అదే యేడు అమెరికా ప్రభుత్వము ఉన్మాదమునకు ఈ మందును అంగీకరించెను.

నేడు బైపోలార్ అని పేర్కొను ఉన్మాద విషాద వ్యాధికి ఇది ముఖ్యౌషధము. రక్తపు లీటరునకు 0.6 మొదలు 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల వఱకు ఉండుట సాధారణముగ వాంఛనీయము, 1.5 దాటినచో విషలక్షణములు పొడసూపవచ్చును. 2 దాటినచో ప్రాణాపాయము. చివరి మోతాదు పుచ్చుకొన్న 12 గంటలకు రక్తము తీయవలెను. దాహము, అతిమూత్రము, చేతుల సన్నని వణకు, బరువు పెరుగుట దీని దుష్ఫలితములు. థైరాయిడు గ్రంథియు, మూత్రపిండములును మందగించు నవకాశము కలదు గనుక ఆఱు నెలల కొకసారి వానిని గూడ పరీక్షింపవలెను. వణకు ముదిరినను, వాంతులు, విరేచనములు, నడక తూలుట, మాట తడబడుట కనబడినను తత్‌క్షణమే వైద్యుని చేరవలెను.

మన ప్రాంతపు రోహిణీకార్తె ఎండలలో చెమటతో ఉప్పును నీరును హరించును. వాంతులు, విరేచనములు, కటిక ఉపవాసములు, తటాలున ఉప్పు మానుట, ఇవన్నియు రక్తమున లిథియమును పెంచగలవు. రక్తపు పోటుకు వాడు కొన్ని మందులును, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలును అంతే. కావున లిథియము వాడువారు ఏ మందు కొనబోయినను ఆ సంగతిని ముందుగా చెప్పవలెను. గర్భము దాల్చదలచిన స్త్రీలు ముందే వైద్యునితో ఆలోచింపవలెను.

ఇవి విని భయపడి మందును హఠాత్తుగా మానుట వేఱొక ప్రమాదము. కేడ్ మొదటి రోగి మందు మానినందున వ్యాధి పాలయ్యెను. కొలత తెలియని కాలమున మందు పుచ్చుకొన్నందున మృత్యువు పాలయ్యెను. నాడు అతనికి లభింపని రక్తపరీక్ష నేడు మన పట్టణములలో లభించుచున్నది. మాత్ర వ్రాసిన చేతితోనే ఆ పరీక్షను గూడ వ్రాయుట వైద్యుని విధి. దానిని వాయిదా వేయక చేయించుట రోగి బంధువుల విధి.