ఉష్ణవహన గణితము

నేటి ఇంజనీరు ఒక యంత్రభాగమునందు వేడిమి యే రీతిగా వ్యాపించునో తెలియగోరి గణనయంత్రమున సాఫ్ట్‌వేరును తెరచినప్పుడు, అది మొదట నడుగునవి మూడు: పదార్థముయొక్క ఉష్ణవాహకత్వ మెంత, ఆరంభమున నున్న ఉష్ణోగ్రత యెంత, ఎల్లలయందు జరుగుచున్న దేమి. ఈ విషయములను విడదీసి విచారించు మార్గమును చూపినవాడు ఫ్రాన్సుదేశీయుడైన జోసెఫ్ ఫోరియర్.

నెపోలియన్ ఆజ్ఞచే 1802లో ఇజేర్ మండలాధికారియై గ్రెనోబుల్ నగరము చేరిన ఆ మహనీయుడు, చిత్తడినేలల నీరు తీయించుట, బాటలు వేయించుట మున్నగు రాజకార్యములలో మునిగియుండియు, ఇనుపకడియమును కాల్చి, అందు తాపమాపకములను నిలిపి, వేడిమి గతిని కొలిచి, 1807లో తన సిద్ధాంతమును పారిసునందలి విద్వత్పరిషత్తునకు నివేదించెను. ఎట్టి ఉష్ణోగ్రతావిన్యాసమునైనను సైను, కొసైను శ్రేణులుగా విడదీయవచ్చునను మాటను గణితజ్ఞుడైన లగ్రాంజి యంగీకరింపలేదు. 1812లో ఈ సిద్ధాంతమునకే బహుమాన మొసగిన ఆ పరిషత్తు పరీక్షకులు సైతము నిరూపణము చాలదనిరి. వారి యాక్షేపము న్యాయమే. అయినను సత్యమును ముందుగా దర్శించినవాడు ఫోరియరే. ఆయన గ్రంథము 1822లో గాని వెలువడలేదు.

శ్రేణులు కడియమునకు, గోళమునకు చాలును గాని వంకరటింకర యాకృతులకు చాలవు. అందుచే 1910లో శాస్త్రజ్ఞుడైన రిచర్డ్‌సన్ వస్తువును గళ్లుగా విభజించి, గడిగడికి అంకెలు కట్టు పద్ధతిని లండనులోని రాయల్ సొసైటీకి సమర్పించెను. ఆ పద్ధతితోనే ఆనకట్టలోని ఒత్తిళ్లను లెక్కించుటకై ఆయన కూలికి కుదుర్చుకొన్నవారిలో మిక్కిలి చుఱుకైన యొక బాలుడు, తప్పిన లెక్కలను తీసివేయగా, వారమునకు సుమారు 2,000 గణనములు చేసెనట! ఆ శ్రమను తలచినప్పుడు మనస్సు చలించును. అయితే కాలక్రమమున మాఱు వేడిమికి ఆయన సూచించిన విధానమున స్వల్పదోషము అడుగడుగునకు పెరిగి లెక్కనంతయు చెఱచును. 1947లో జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్ అనువారు ప్రతి కాలపుటడుగునందు పాత విలువలకును క్రొత్త విలువలకును సగటు తీసికొని యా దోషవృద్ధిని అరికట్టిరి. 1970లో జాన్ స్వాన్సన్ అమెరికాలో స్థాపించిన సంస్థనుండి ఇట్టి లెక్కలు చేయు ఆన్సిస్ అను సాఫ్ట్‌వేరు వచ్చెను. కూలిబాలుర పని యంత్రమున కబ్బెను.

గళ్లు యంత్రమే కట్టుకొనును. కాని గాలి తగులు తలమునుండి వేడిమి యెంత పోవుచున్నదో మనుష్యుడే చెప్పవలెను. ఆ సంఖ్య తప్పైనను రంగురంగుల చిత్రము తెరపై చక్కగనే కనబడును. లోపలి వాహకత్వమును, ఉపరితలమునుండి వేడిమి వెడలు శక్తిని వేఱువేఱుగా నిర్వచించిన ఫోరియర్ గ్రంథమునందలి ప్రథమాధ్యాయమునైనను ఈ విద్య నభ్యసించువారు చదువవలెనని నా ప్రార్థన. దాని ఆంగ్లానువాదము 1878లోనే ముద్రితమైనది.