గంజాం కోట (పోతగడ్)

ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, గంజాం ఊరి పక్కనే ఉన్న మట్టికట్టల కోటకు స్థానికంగా పోతగడ్ అని పేరు. ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాంకు మొదటి రెసిడెంటుగా వచ్చిన ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ 1768లో దీన్ని కట్టించాడు. సుమారు అర్ధ శతాబ్దం పాటు ఉత్తర సర్కార్ల పైకొస పాలన ఇక్కడి నుంచే నడిచింది. జిల్లాకు పేరిచ్చిన ఊరు ఇదే. ఇప్పుడు కలెక్టరు ఉండేది ఛత్రపురంలో, జిల్లాలో పెద్ద ఊరు బరంపురం. గంజాం మాత్రం హౌరా–చెన్నై రైలు మార్గంలో ఓ చిన్న స్టేషనుగా మిగిలింది.

కోటకు ముందు

నైజాం ఏలుబడిలో ఈ ప్రాంతం చికాకోలు సర్కారులో భాగం. చికాకోలంటే నేటి శ్రీకాకుళమే. అందులో ఉత్తరపు భాగానికి ఇచ్ఛాపురం ముఖ్యపట్టణంగా ఉండేది. 1753లో నైజాం సలాబత్ జంగ్ సర్కార్లను ఫ్రెంచివారికి ఇచ్చాడు. వారి సేనాని బుస్సీ దండు కొండ జమీందారుల నుంచి కప్పం రాబట్టడానికి ఇంతదూరం వచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, మరుసటి ఏడు ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ చేతిలో ఫ్రెంచివారు ఓడిపోయారు. మచిలీపట్నానికి సాయంగా ఓడల్లో బయలుదేరిన ఫ్రెంచి నాయకుడు మొరాసిన్ అప్పటికే ఆలస్యమైందని తెలిసి, గంజాం రేవులో దిగి ఇక్కడ నిలదొక్కుకోవాలని చూశాడు. అది సాగలేదు.

1765లో మొగలు పాదుషా షా ఆలం ఫర్మానా, 1766లో నైజాంతో ఒప్పందం కుదిరాక సర్కార్లు కంపెనీ చేతికి వచ్చాయి. కాగితం మీద వచ్చినంత తేలిగ్గా నేల మీద రాలేదు. ఘుంసూరు, ఖల్లికోట, ధరాకోట, పెదకిమిడి, చినకిమిడి, పర్లాకిమిడి, మందస, జలంత్ర, ఇలా ప్రతి లోయకూ ఒక జమీందారు, ప్రతి జమీందారుకూ పాయకులనే సాయుధ బంట్లు, అడవి గడీలు ఉండేవి. పర్లాకిమిడి నారాయణదేవు 1768లోనే జలుమూరు దగ్గర కంపెనీ సేనతో తలపడ్డాడు. ఉత్తరాన చిలక సరస్సు దాటితే నాగపురం భోంసలేల రాజ్యం. ఒకవైపు కొండ జమీందారులు, మరోవైపు మరాఠాలు. ఆ మధ్యలో, సముద్రం మీదుగా మద్రాసు నుంచి సాయం అందే చోట కోట కావలసి వచ్చింది. ఋషికుల్య మొగ అందుకు సరిపోయింది.

నక్షత్రపు కోట

రాజుల కోటలను ఊహించుకుని వెళ్లేవారికి పోతగడ్ మొదట కంటికి ఆనదు. ఆకాశాన్నంటే గోడలు, ఏనుగులు దూరే సింహద్వారాలు ఇక్కడ లేవు. నక్షత్రం ఆకారంలో మొనలు తేలిన మట్టికట్ట, దాని చుట్టూ కందకం, లోపల కట్టడాలు. ఈ తక్కువ ఎత్తులోనే దాని తెలివంతా ఉంది. ఎత్తయిన రాతిగోడకు ఫిరంగి గుండు తగిలితే రాయి పగిలి గోడ కూలుతుంది. వెడల్పాటి మట్టికట్టకు తగిలితే గుండు అందులోనే కూరుకుపోతుంది. నేరుగా ఉన్న గోడ మొదట్లో నక్కిన శత్రువు పైనున్న కావలివాడికి కనిపించడు. మొనలుగా కట్టినప్పుడు ఒక మొన మీది ఫిరంగి పక్క మొన అంచునంతా కాస్తుంది కాబట్టి ఎక్కడా దాక్కునే చోటు మిగలదు. ఐరోపాలో రూపు దిద్దుకున్న ఈ పద్ధతిని ఫ్రెంచి ఇంజనీరు వోబాన్ 17వ శతాబ్దంలో పరాకాష్ఠకు తెచ్చాడు. లోపలి కట్టడాల్లో ఐరోపా తీరు, మన దేశపు తీరు కలిసి కనిపిస్తాయి.

ఇదే పద్ధతి ఆసియా తూర్పు కొసకు మరో తొంభై ఏళ్లకు చేరింది. జపాన్‌లోని హకోదాతె రేవు విదేశీ ఓడలకు తెరుచుకున్నాక, పాలకుల కచేరీని ఓడ ఫిరంగులకు అందనంత లోపలికి మార్చాలని 1857లో గోర్యోకాకు కోట పని మొదలుపెట్టారు. తకెదా అయసబురో గీసిన ఆ అయిదు మొనల కోటలోకి 1864లో కచేరీ మారింది. 1869లో అక్కడ ఆ దేశపు అంతర్యుద్ధంలో ఆఖరి పోరు జరిగింది. 1914లో దాన్ని ప్రజలకు ఉద్యానవనంగా తెరిచారు. ఇప్పుడు పక్కనే ఉన్న బురుజు ఎక్కితే నక్షత్రం మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. చెర్రీ పూల కాలంలో జనం విరగబడతారు. గోర్యోకాకు లోపలి కచేరీ పోయినా చుట్టూ ఊరు పెరిగింది, కోటను ఊరే కాపాడుకుంది. గంజాంలో ఊరే ముందుగా కోటను విడిచింది. రెండింటి నేటి స్థితిలో ఇంత తేడా ఉండడానికి అసలు కారణం అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గోడల గట్టితనం కాదు, వాటి పక్కన కాపురాలు ఉన్నాయా లేదా అన్నదే లెక్క.

1803: కటకానికి దండయాత్ర

గంజాం పేరు దేశ చరిత్రకెక్కింది రెండో మరాఠా యుద్ధంలో. కల్నల్ హార్కోర్ట్ నాయకత్వాన కంపెనీ సేన 1803 సెప్టెంబరు 8న గంజాం నుంచి కదిలింది. చిలకకూ సముద్రానికీ మధ్యనున్న సన్నని ఇసుక మేట మీదుగా మాణిక్యపట్నం చేరి, 18న పూరీని, అక్టోబరు 14న కటకంలోని బారాబాటి కోటను పట్టుకుంది. దాంతో మద్రాసుకూ కలకత్తాకూ మధ్య తీరమంతా కంపెనీదయింది. సరిహద్దే లేకపోయాక సరిహద్దు కోట అవసరం కూడా తగ్గిపోయింది. యుద్ధం గెలిపించిన కోట, ఆ గెలుపు వల్లనే ప్రాధాన్యం కోల్పోయింది.

ఊరు చెదిరిన తీరు

1794లో పాత పాలక మండళ్లు రద్దయి కలెక్టర్లు వచ్చారు. గంజాం జిల్లా కేంద్రం అయింది. రేవులో ఓడలు ఆగేవి, దొరల ఇళ్లు లేచాయి. 1815లో ఊరిమీద విషజ్వరం విరుచుకుపడింది. ఊరివాళ్లు, దొరలు, సిపాయిలు అన్న తేడా లేకుండా జనం రాలిపోయారు. కచేరీలు ఊరు విడిచాయి. కొంతకాలానికి కలెక్టరు ఛత్రపురంలో, జడ్జి కోర్టు, దండు బరంపురంలో స్థిరపడ్డాయి. ఉద్యోగుల వెంట వ్యాపారులు, వ్యాపారుల వెంట చేతిపనివాళ్లు కదిలారు. ఓడల రాకపోకలు గోపాలపురానికి మళ్లాయి. బరంపురంలో అప్పటికే పట్టు నేసే దేరాల వీధులు ఉన్నాయి. దండు రావడంతో ఆ ఊరు మరింత పెరిగింది. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో అక్కడే పుట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో చాలా భాగం అందులో కలిసింది. తెలుగు మాట్లాడే దక్షిణపు తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి.

కోట చూడబోయేవారికి

బరంపురం నుంచి జాతీయ రహదారి మీద ఛత్రపురం దాటి ముందుకు వెళితే గంజాం వస్తుంది. కందకం ఆనవాళ్లు దాటి కట్ట ఎక్కితే మొనల వంపు కాలి కింద తెలుస్తుంది. లోపల పైకప్పులు పడిపోయిన గదులు, సున్నపు గచ్చు పెచ్చులూడిన మందపాటి గోడలు ఉన్నాయి. ఇటుకల సందుల్లో దిగిన చెట్ల వేళ్లు గోడను ఒకచోట పట్టి నిలుపుతున్నాయి, మరోచోట చీలుస్తున్నాయి. వాటిని పీకితే గోడ కూలుతుంది, వదిలేస్తే చీలుతుంది. నేర్పున్నవాళ్లు నెమ్మదిగా చేయవలసిన పని అది, త్వరగా మొదలుపెట్టాలి.

ఋషికుల్య మొగ దగ్గరి ఇసుకలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలు, లక్షల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్ల నుంచి పిల్లలు రావడానికి నెలన్నర పైనే పడుతుంది. అక్కడికి దగ్గర్లో పొదంపేట అనే తెలుగు బెస్తల పల్లె ఉండేది. సముద్రం ఒడ్డును కోసుకుంటూ రావడంతో ఇళ్లు కూలి, జనం లోపలికి తరలిపోయారు. ఒడియావారు నోలియాలని పిలిచే ఈ బెస్తల ఇళ్లలో నేటికీ తెలుగే వినిపిస్తుంది. ఋషికుల్య ఎటు మళ్లుతుందో, ఇసుక మొగ ఏ నెలలో ఎక్కడ తెరుచుకుంటుందో ఓడల కాలం నుంచీ కళ్లారా చూస్తున్నది ఈ తీరపు కుటుంబాలే.

వీలున్నవారు కోటతో పాటు హుమ్మ ఉప్పు మడులు, ఛత్రపురం, బరంపురం, గోపాలపురం కూడా ఒకే ప్రయాణంలో చూడాలి. గంజాంలో ఆగిపోయిన కథ ఆ ఊళ్లలోనే సాగింది. గోపాలపురం సముద్రపు ఒడ్డున పాత రేవు గోడలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల కూలీలు ఆ రేవులోనే రంగూన్ ఓడలెక్కేవారు.